అన్నవాహిక క్యాన్సర్ పాకిందా లేదా: ముక్కలోని జన్యువులు చెప్తాయా?

(లైఫ్ సైన్సెస్ విద్యార్థులు, కొందరు డాక్టర్ల ముందు ఒక పాథాలజిస్టు ఇచ్చిన ప్రసంగం. మధ్యలో వచ్చిన ప్రశ్నలతో సహా మాట్లాడింది మాట్లాడినట్టు రాసింది.)

నమస్కారం అండీ. వెనక వరుసల దాకా వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నాకిచ్చిన టాపిక్ పేరు చూశారుగా, అన్నవాహిక క్యాన్సర్ వ్యాప్తి, జీన్ ఎక్స్‌ప్రెషన్ మార్కర్లు అని. భోజనం తర్వాత సెషన్‌కి ఇంత బరువైన పేరు పెట్టిన వాళ్ళకి ఒక దండం. [నవ్వులు] అందుకని దీన్ని ఒకే ఒక్క ప్రశ్నగా చేసి చెప్తాను, చివరిదాకా ఆ ప్రశ్ననే పట్టుకుని ఉందాం.

ఒకాయనకి ఎండోస్కోపీ చేస్తే అన్నవాహికలో చిన్న క్యాన్సర్ కనిపించింది అనుకోండి. ఇంకా గొట్టం లోపలివైపు పైపొరల్లోనే ఉంది. దాన్ని ఎండోస్కోపీ గొట్టంతోనే, నోట్లోంచే, పొరతో సహా చెక్కి తీసేయొచ్చు, జపాన్ వాళ్ళు ఈ పద్ధతిలో ఆరితేరారు, పేషెంటు కొద్ది రోజుల్లో ఇంటికి వెళ్ళిపోతాడు. రెండో దారి ఏమిటంటే, ఛాతీలోంచీ పొట్టలోంచీ వెళ్ళి అన్నవాహికని దాదాపు మొత్తం తీసేసి, కడుపుని గొట్టంలా కుట్టి పైకి లాగి, మెడ దగ్గరో ఛాతీలోనో అతికించడం. అది మనిషి జీవితాన్నే మార్చేసే ఆపరేషన్. అతుకు దగ్గర లీకవుతుందేమోనని ఒక టెన్షన్, ఆ తర్వాత ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తినాలి, తిన్న వెంటనే పడుకోకూడదు. మరి ఈ రెండింట్లో ఏది చేయాలో దేన్ని బట్టి తేలుస్తారు? క్యాన్సర్ కణాలు అప్పటికే లింఫ్ గ్రంథుల్లోకి, అంటే ఒంట్లో లింఫ్ అనే ద్రవాన్ని వడకట్టే చిన్న గ్రంథుల్లోకి, పోయాయా లేదా అన్నదాన్ని బట్టి. గ్రంథి వాచి గడ్డలా అయితే స్కాన్‌లో తెలుస్తుంది, కానీ పోయినవి ఏ కొన్ని వందల కణాలో అయితే సీటీ స్కాన్ చూపించదు, పెట్ స్కాన్ చూపించదు, ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కూడా చాలాసార్లు చూపించదు.

మన చేతిలో ఉన్నదల్లా తీసిన ముక్క. ఆ ముక్కలో ఏ జన్యువులు గట్టిగా పనిచేస్తున్నాయో, ఏవి మానేశాయో కొలిస్తే, ఇది పాకే రకమా కాదా అని ముందే చెప్పగలమా? పాతికేళ్ళుగా ప్రపంచమంతా ఈ ప్రశ్న మీద పేపర్లు రాస్తూనే ఉంది. నా జవాబు ముందే చెప్పేస్తున్నా, మీరు నిద్రపోయినా నష్టం లేకుండా: కణాలు ఎలా పాకుతాయో జన్యువులు చాలా బాగా చెప్పాయి, ఈ పేషెంటులో పాకిందా అని అడిగితే మాత్రం ఆపరేషన్ నిర్ణయాన్ని మార్చేంత గట్టి జవాబు ఇంకా ఇవ్వలేదు. అది ఎందుకివ్వలేదన్నది నాకు ఆ మార్కర్ల పేర్ల కంటే ఆసక్తిగా అనిపిస్తుంది.

ముందు ఒళ్ళు గురించి రెండు మాటలు. అన్నవాహిక అంటే గొంతు నుంచి కడుపు దాకా ఉండే 25 సెంటీమీటర్ల గొట్టం, అంతే. కానీ దీని నిర్మాణంలో రెండు చెడ్డ విషయాలున్నాయి. ఒకటి, పేగులకి బయట సెరోసా అని ఒక పలచటి పొర కాపలాగా ఉంటుంది, అన్నవాహికలో ఎక్కువ భాగానికి అది లేదు. గోడ దాటితే పక్కనే శ్వాసనాళం, బృహద్ధమని, గుండె వెనక భాగం. రెండోది ఇంకా ముఖ్యం. పెద్దపేగులో లింఫ్ నాళాలు మ్యూకోసా, అంటే గోడ లోపలి పొర, పైభాగంలో దాదాపు ఉండవు, అందుకే అక్కడ పైపొరలో ఉన్న క్యాన్సర్‌ని పెద్దగా లెక్కచేయం, తీసేస్తే అయిపోతుంది. అన్నవాహికలో లింఫ్ నాళాలు పైపొర కిందనే మొదలవుతాయి. పైగా అవి గొట్టం పొడవునా నిలువుగా పరుగెడతాయి. అందువల్ల ఛాతీ మధ్యలో ఉన్న క్యాన్సర్ పక్కనున్న గ్రంథిని వదిలేసి ఏకంగా మెడలోనో, పొట్ట పైభాగంలోనో తేలవచ్చు. జపాన్ సర్జన్లు మెడ, ఛాతీ, పొట్ట మూడు చోట్లా గ్రంథులు ఏరే పద్ధతి మొదలుపెట్టింది ఇందుకే.

లోతు ఎంత కీలకమో చూడండి. పైనున్న మొదటి రెండు పొరల్లో ఉంటే లింఫ్ గ్రంథులకి పాకడం అరుదు. మ్యూకోసా అడుగున ఉండే కండరపు పొరని తాకితే సుమారు పదిమందిలో ఒకరికి పాకి ఉంటుంది. దాని కిందున్న సబ్‌మ్యూకోసాలోకి లోతుగా దిగితే పదిమందిలో ముగ్గురు నలుగురు, ఒక్కోసారి ఐదుగురు. సబ్‌మ్యూకోసాలోకి 0.2 మిల్లీమీటర్లు దిగిందా, దాటిందా అని మేం మైక్రోస్కోపు కింద కొలుస్తాం. ఒక మనిషి అన్నవాహిక ఉంటుందా పోతుందా అనేది 0.2 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుందన్నమాట.

పోనీ ఆలస్యంగా దొరికితే ఏమవుతుంది? అమెరికా లెక్కల్లో అన్ని దశలూ కలిపి ఐదేళ్ళు బతికేది నూటికి ఇరవై పైచిలుకు. ఉన్నచోటే ఉన్నప్పుడు దొరికితే దాదాపు సగం మంది. దూరపు అవయవాలకి పాకాక దొరికితే నూటికి ఐదుగురు. మన దేశంలో 2020 అంచనాల ప్రకారం ఏడాదికి సుమారు 63 వేల కొత్త కేసులు. మన దగ్గర ముద్ద దిగకపోతే ముందు గ్యాస్ ట్రబుల్ అని మాత్ర వేసుకుంటాం, తర్వాత మెత్తగా కలుపుకుని తింటాం, ఆ తర్వాత జావ తాగుతాం, జావ కూడా దిగనప్పుడు ఆస్పత్రికి వెళ్తాం. కాబట్టి నేను చెప్తున్న ఈ 0.2 మిల్లీమీటర్ల చర్చ మన పేషెంట్లలో చాలామందికి అందే దశే కాదు. అది వేరే ప్రసంగం.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది ఒక జబ్బు కాదు, రెండు. చదునైన పైపొర కణాల్లో పుట్టే స్క్వామస్ రకం ఒకటి, గ్రంథి కణాల్లాంటి వాటిలో పుట్టే ఎడినోకార్సినోమా ఒకటి. అమెరికా, యూరప్‌లలో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది రెండోది, ఊబకాయం, ఏళ్ళ తరబడి యాసిడ్ పైకి తన్నడం, బారెట్స్ అనే మార్పు, అంటే అన్నవాహిక కింది భాగం లోపొర పేగు పొరలా మారడం, ఆ దారిలో వస్తుంది. ఉత్తర ఇరాన్‌లోని గోలెస్తాన్ నుంచి మధ్య ఆసియా మీదుగా చైనాలోని లిన్‌షియాన్ దాకా ఒక పట్టీలాగా ఉండే ప్రాంతంలో, మన కశ్మీర్‌లో, అస్సాం, మేఘాలయలో ఎక్కువగా కనిపించేది స్క్వామస్ రకం. మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఎక్కువ అదే. పొగాకు, మద్యం, వక్క, 65 డిగ్రీలు దాటిన వేడివేడి పానీయాలు, వీటితో ముడిపడ్డది. 2017లో టీసీజీఏ అనే అమెరికా ప్రాజెక్టు వాళ్ళు 164 అన్నవాహిక క్యాన్సర్లని జన్యుపరంగా విప్పి చూశారు. ఏం తేలిందంటే, ఎడినో రకం కడుపు క్యాన్సర్‌లో ఒక తెగలా ఉంది, స్క్వామస్ రకమేమో నోరు, గొంతులో వచ్చే స్క్వామస్ క్యాన్సర్లకి దగ్గరగా ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ, అంటే నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని చుట్ట, తాగే ఆడవాళ్ళకి అంగిట్లో వచ్చే క్యాన్సర్ ఉంది చూశారూ, అది కూడా స్క్వామస్సే. అంటే మనవాళ్ళ అన్నవాహిక క్యాన్సర్ అమెరికా వాళ్ళ అన్నవాహిక క్యాన్సర్ కంటే, మన ఊళ్ళో వచ్చే అంగిటి క్యాన్సర్‌కే దగ్గరి చుట్టం. అక్కడి పేషెంట్ల మీద తయారుచేసిన పరీక్షని నేరుగా తెచ్చి ఇక్కడ వాడదామంటే కుదరనిది ఇందుకే.

ఒక విద్యార్థి: సార్, డీఎన్ఏలో మ్యుటేషన్లు చూస్తే సరిపోదా? ఎక్స్‌ప్రెషన్ దాకా ఎందుకు?

మంచి ప్రశ్న, నేను ఎలాగూ అక్కడికే వస్తున్నాను. 2018లో ఇంగ్లండ్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు క్యాన్సర్ లేని తొమ్మిది మంది అన్నవాహిక పైపొరని చిన్నచిన్న ముక్కలుగా కోసి సీక్వెన్స్ చేశారు, అంటే డీఎన్ఏ అక్షరాలు చదివారు. మధ్యవయసు దాటేసరికి క్యాన్సర్ జన్యువులు అని మనం పిలిచేవాటిలో మార్పులున్న కణాలే ఆ పైపొరలో సగానికి పైగా ఆక్రమించేసి ఉన్నాయి. నాచ్1 అనే జన్యువులో మార్పులైతే క్యాన్సర్‌లో కంటే మామూలు అన్నవాహికలోనే ఎక్కువ! అంటే ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళందరి అన్నవాహికల్లోనూ, నాతో సహా, అలాంటి కణాలు ఉన్నట్టే, భయపడకండి, వాటిలో చాలావరకు ఏమీ చేయవు. ఇక దెబ్బతిన్న కణాల విభజనని ఆపే టీపీ53 జన్యువుని తీసుకుంటే స్క్వామస్ క్యాన్సర్లలో దాదాపు అన్నింటిలోనూ అది చెడిపోయే ఉంటుంది. పాకినదాంట్లో ఉంది, పాకనిదాంట్లోనూ ఉంది, ఇక తేడా ఎలా చెప్తుంది?

అందుకే ఎక్స్‌ప్రెషన్. మన ప్రతి కణంలోనూ సుమారు 20 వేల ప్రొటీన్ జన్యువులున్నాయి. కంటి కణంలోనూ అవే, కాలేయ కణంలోనూ అవే. ఇది ఓటర్ల జాబితా లాంటిది, జాబితాలో పేరు అందరికీ ఉంటుంది, పోలింగ్ రోజు ఎవరు వచ్చి ఓటేశారన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రొటీన్ తయారీకి తీసే నకలు, ఎంత తయారైంది అని కొలవడమే ఎక్స్‌ప్రెషన్ కొలవడం. ఆ కొలిచే యంత్రం మీ అందరికీ తెలిసిందే. కోవిడ్ టైంలో సీటీ వాల్యూ ఎంత అని ఇంటింటా అడిగారే, అదే ఆర్‌టీపీసీఆర్. వైరస్ ఆర్‌ఎన్‌ఏ బదులు మన కణాల ఆర్‌ఎన్‌ఏ కొలుస్తాం. ఆ వాల్యూ ఒకటి తగ్గితే సరుకు రెట్టింపు, మూడు తగ్గితే ఎనిమిది రెట్లు. 1995లో స్టాన్‌ఫర్డ్ నుంచి మైక్రోఅరే వచ్చింది, చిన్న గాజు పలక మీద చాలా జన్యువుల ఆర్‌ఎన్‌ఏ కలిపి కొలిచే పద్ధతి, త్వరలోనే ఒకేసారి వేల జన్యువులు కొలవడం అలవాటైపోయింది, ఇప్పుడు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ అంటే మామూలు విషయం.

సరే, పాకే కణంలో ఏం మారుతుంది? అన్నవాహిక పైపొర కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు ఇచ్చే ప్రొటీన్ ఈ-క్యాధెరిన్. 1980లలో క్యోటోలో మసతోషి తాకెయిచి బృందం ఈ క్యాధెరిన్ల కుటుంబాన్ని బయటపెట్టింది. క్యాన్సర్ కణం విడిపడి కదలాలంటే ముందు ఈ పట్టు వదలాలి. దాన్ని ఎవరు వదిలిస్తారంటే స్నెయిల్, స్లగ్, ట్విస్ట్, జెబ్ అనే జన్యువులు. స్నెయిల్, ట్విస్ట్ అనే పేర్లు క్యాన్సర్ వాళ్ళు పెట్టినవి కాదు, పండ్ల ఈగల మీద పనిచేసే వాళ్ళు పెట్టినవి. ఈగ పిండంలో కణాలు పొర నుంచి విడిపోయి లోపలికి వెళ్ళి కండరాలుగా మారాలంటే ఇవి పనిచేయాలి. మనం కూడా తల్లి కడుపులో ఉన్నప్పుడు ఇదే పద్ధతిలో తయారయ్యాం, ఆ తర్వాత ఈ జన్యువులు చాలావరకు ఊరుకుంటాయి, క్యాన్సర్ వాటిని మళ్ళీ లేపుతుంది. 2000లో స్పెయిన్‌లో రెండు బృందాలు ఒకేసారి చూపించాయి, స్నెయిల్ నేరుగా వెళ్ళి ఈ-క్యాధెరిన్ జన్యువుని అణిచేస్తుందని. ఈ మొత్తం మార్పుని ఈఎమ్‌టీ అంటారు. ఈ-క్యాధెరిన్ తగ్గుతుంది, కదిలే రకం కణాల్లో ఉండే వైమెంటిన్, ఎన్-క్యాధెరిన్ అనే ప్రొటీన్లు పెరుగుతాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అంటే జన్యువుల పని తగ్గించే బుల్లి ఆర్‌ఎన్‌ఏలు, వాటిలో 200 అనే కుటుంబం మామూలుగా జెబ్‌ని అదుపులో పెడుతుంది, అది తగ్గితే జెబ్‌కి పగ్గాల్లేవు.

కదిలితే చాలదు, దారి చేసుకోవాలి. ఎమ్‌ఎమ్‌పీ2, ఎమ్‌ఎమ్‌పీ7, ఎమ్‌ఎమ్‌పీ9 లాంటి ఎంజైములు కణాల చుట్టూ ఉన్న అల్లికని, మాత్రికని, కరిగిస్తాయి. తర్వాత లింఫ్ నాళాలు కావాలి. 1996లో హెల్సింకిలో కారీ అలిటాలో బృందం వీఈజీఎఫ్-సి అనే ప్రొటీన్‌ని పట్టుకుంది, కొత్త లింఫ్ నాళాలు మొలిచేలా చేసేది అదేనని తర్వాత తేలింది. స్క్వామస్ అన్నవాహిక క్యాన్సర్‌లో వీఈజీఎఫ్-సి ఎక్కువున్న వాళ్ళకి లింఫ్ గ్రంథుల్లో వ్యాప్తి ఎక్కువని చాలా పేపర్లు వచ్చాయి, జపాన్ నుంచీ చైనా నుంచీ. ఈ-క్యాధెరిన్ తగ్గిన వాళ్ళకీ అంతే. కణ విభజనని ముందుకు తోసే సైక్లిన్ డి1 పెరిగిన వాళ్ళకీ అంతే. ఈ వరుస చాలా దూరం పోతుంది, ఇక్కడే ఆపుతాను.

ఇంత బాగా అర్థమైనప్పుడు, మరి పరీక్ష ఎందుకు రాలేదు?

మొదటి కారణం లెక్క. బోర్డు మీద రాయనవసరం లేదు, నోటితోనే చేద్దాం. 20 వేల జన్యువులు కొలిచారు, పేషెంట్లు అరవై మంది. ముప్పై మందికి పాకింది, ముప్పై మందికి పాకలేదు. ప్రతి జన్యువుకీ రెండు గుంపుల మధ్య తేడా ఉందా అని చూస్తారు, పీ వాల్యూ, అంటే అసలు సంబంధం లేకపోయినా అంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం, 0.05 కంటే తక్కువుంటే తేడా ఉన్నట్టు. అసలు ఏ జన్యువుకీ పాకడంతో సంబంధమే లేదనుకుందాం. అప్పుడు కూడా కేవలం కాకతాళీయంగా ఎన్ని జన్యువులు తేడా చూపిస్తాయి? 20 వేలలో ఐదు శాతం, వెయ్యి! వాటిలోంచి బాగా కనిపించిన పదిహేను ఏరి, వాటితో ఒక స్కోరు తయారుచేసి, మళ్ళీ అదే అరవై మంది మీద పెట్టి చూస్తే అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకు చేయదు, వాళ్ళలోంచే కదా ఏరింది. ఇంకో ఊరి ఆస్పత్రి పేషెంట్ల మీద పెడితే కూలిపోతుంది. దీన్ని సరిదిద్దే గణిత పద్ధతులున్నాయి, తెలుసు, కానీ చిన్న గుంపు ఎప్పటికీ చిన్న గుంపే. 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది, అప్పటికి పేరున్న ఏడు మైక్రోఅరే అధ్యయనాలని తీసుకుని మళ్ళీ లెక్కకట్టారు. ఏడింట్లో ఐదు, బొమ్మాబొరుసు వేసినదాని కంటే మెరుగ్గా ఏమీ చెప్పలేదు.

దీనికంటే నాకు బాగా నచ్చిన పేపరు 2011లో బ్రసెల్స్ నుంచి వచ్చింది. వాళ్ళు ఏం చేశారంటే, క్యాన్సర్‌తో ఏ సంబంధమూ లేని జన్యు పట్టీలు, అంటే జన్యువుల జాబితాలు, తీసుకున్నారు. భోజనం తర్వాత హాస్య కార్యక్రమం చూసి నవ్విన వాళ్ళ రక్తకణాల్లో మారే జన్యువుల పట్టీ ఒకటి ఉంది, నిజంగానే ఉంది. [నవ్వులు] ఆ నవ్వుల పట్టీతో రొమ్ము క్యాన్సర్ పేషెంట్లు ఎంతకాలం బతుకుతారో లెక్కిస్తే, అది కూడా గణితపరంగా అర్థవంతంగానే చెప్పింది! తర్వాత అప్పటిదాకా అచ్చైన 47 పట్టీలని, అంతే సైజులో గుడ్డిగా ఏరిన పట్టీలతో పోల్చారు. 28 పట్టీలు గుడ్డిగా ఏరినవాటి కంటే చెప్పుకోదగ్గంత మెరుగ్గా లేవు. దీనికి కారణం ఏమిటంటే, కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయన్నది ట్యూమర్‌లోని వేల జన్యువుల మీద నీడలా పడుతుంది. ఏ పదిహేను ఏరినా ఆ వేగమే కొంత కొలుస్తారు. మీరు కొత్త మార్కర్ కనిపెట్టామనుకుంటారు, అసలు కొలిచింది ఎప్పట్నుంచో తెలిసిన విభజన వేగాన్ని. అందుకే "వ్యాప్తికి కారణమైన జన్యువు దొరికింది" అని న్యూస్‌పేపర్లో హెడ్డింగ్ చూస్తే నేను రెండు విషయాలు వెతుకుతాను, వేరే ఆస్పత్రి పేషెంట్ల మీద పరీక్షించారా, లోతూ స్టేజీ తెలిసిన తర్వాత ఇది కొత్తగా ఏమైనా చెప్పిందా. రెండోదానికి జవాబు చాలాసార్లు ఉండదు.

రెండో కారణం, ముక్క. ఇది మా పాథాలజీ వాళ్ళకే కనిపించే తలనొప్పి. ఎండోస్కోపీలో చిమటాతో గిల్లి తీసేది పైనుంచి. కానీ ఈ-క్యాధెరిన్ వదిలేసి, ట్విస్ట్ లేపి, ప్రయాణానికి సిద్ధమైన కణాలు ఉండేది ట్యూమర్ కింది అంచున, లోతుకి చొచ్చుకుపోయే చోట. మనం గిల్లింది పైన, కథ నడుస్తున్నది అడుగున. ఇంకా తమాషా ఏమిటంటే, లింఫ్ గ్రంథిలో స్థిరపడ్డాక ఆ కణాలు చాలాసార్లు మళ్ళీ ఈ-క్యాధెరిన్ తయారుచేసుకుని ఒకదాన్నొకటి పట్టుకుని పెరుగుతాయి. అంటే ఆ మార్పు ప్రయాణంలో ఉన్నంతసేపే ఉంటుంది.

ముక్కలో ఉన్నదంతా క్యాన్సర్ కూడా కాదు. చుట్టూ అల్లిక తయారుచేసే ఫైబ్రోబ్లాస్టు కణాలు, రక్తనాళాలు, తెల్లకణాలు అన్నీ కలిసిపోయి ఉంటాయి. మొత్తాన్ని నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తే వైమెంటిన్ ఎక్కువ కనిపించిందనుకోండి, అది క్యాన్సర్ కణాలు మారినందుకు వచ్చిందా, ముక్కలో ఫైబ్రోబ్లాస్టులు ఎక్కువ పడినందుకు వచ్చిందా? ఫైబ్రోబ్లాస్టుల్లో వైమెంటిన్ ఎప్పుడూ దండిగానే ఉంటుంది. 2015లో పెద్దపేగు క్యాన్సర్ మీద వచ్చిన రెండు పేపర్లు ఇదే చూపించాయి, చెడ్డ రకం అనుకున్న జన్యువుల గుర్తుల్లో చాలావరకు చుట్టూ ఉన్న కణజాలానివేనని. ఒక్కో కణాన్నీ విడిగా సీక్వెన్స్ చేసే పద్ధతి వచ్చాక ఈ గందరగోళం కొంత విడిపోతోంది, కానీ అది రోజువారీ ఆస్పత్రి పరీక్ష కాదు. పైగా ఆర్‌ఎన్‌ఏ తొందరగా పాడైపోతుంది, ఫార్మలిన్‌లో నిలవ ఉంచి మైనంలో పెట్టిన బ్లాకులో అది ముక్కలుముక్కలై ఉంటుంది. పోలిక కోసం ఎప్పుడూ మారదనుకుని వాడే జీఏపీడీహెచ్ జన్యువు కూడా ట్యూమర్‌లో, ఆక్సిజన్ తక్కువైనప్పుడు మారుతుంది. తక్కెడలో వేసే రాయే తేడా అయితే తూకం ఏం నమ్ముతాం.

ఒక డాక్టరు: మరి రొమ్ము క్యాన్సర్‌లో ఎలా కుదిరిందండీ? అక్కడ వాడుతున్నాం కదా.

వాడుతున్నాం. 2002లో ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు 78 మంది ట్యూమర్ల నుంచి 70 జన్యువుల పట్టీ తీశారు. అవునండీ, అదీ చిన్న గుంపే, ఇప్పుడే నేను తిట్టిన పనే. కానీ అక్కడితో వదల్లేదు, అదే ఏడాది 295 మంది మీద చూశారు, తర్వాత మైండాక్ట్ అనే ట్రయల్‌లో 6,693 మంది స్త్రీలని చేర్చి 2016లో ఫలితం ఇచ్చారు. మామూలు లెక్కల్లో ప్రమాదం ఎక్కువ, జన్యు పట్టీలో తక్కువ అని వచ్చిన వాళ్ళు కీమో తీసుకోకపోయినా, ఐదేళ్ళకి నూటికి 94.7 మందికి దూరానికి పాకలేదు. వాళ్ళకి మూడు సౌకర్యాలు కలిసొచ్చాయి. పేషెంట్లు చాలామంది, ఏళ్ళ క్రితం కీమో ఇవ్వకుండా వదిలేసిన స్త్రీల ట్యూమర్లు గడ్డకట్టించి దాచి ఉండటం, అడిగే ప్రశ్న సూటిగా ఉండటం, కీమో ఇవ్వాలా వద్దా అంతే.

అన్నవాహికలో ఈ మూడూ లేవు. తొలిదశలో దొరికేవాళ్ళే తక్కువ. కాస్త ముదిరిన వాళ్ళకి ఆపరేషన్‌కి ముందే కీమో, రేడియేషన్, మన దగ్గర కరెంటు పెట్టడం అంటారు చూడండి, అవి ఇచ్చేస్తారు. 2012లో నెదర్లాండ్స్ వాళ్ళ క్రాస్ ట్రయల్ ఆ పద్ధతిని స్థిరపరిచింది, మీడియన్ ఆయుర్దాయం, అంటే సగం మంది దాటిన కాలం, ఆపరేషన్ ఒక్కటే చేసినప్పటి 24 నెలల నుంచి 49 నెలలకి పెరిగింది. స్క్వామస్ రకంలో దాదాపు సగం మందికి, ఆపరేషన్ చేసి చూస్తే ట్యూమర్ పూర్తిగా మాయమై ఉంది! పేషెంటుకి ఇది పండగే, మార్కర్ వెతికే వాడికి మాత్రం చికిత్స తగలని ట్యూమర్ అనేది చిన్న బయాప్సీల్లో తప్ప దొరకదు.

అయితే ఇప్పుడు రిపోర్టుల్లో రాస్తున్న మార్కర్లు ఏమిటి? రోగనిరోధక కణాలని ఆపే పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ రాస్తాం. వంద క్యాన్సర్ కణాలకి ఎన్ని కణాలు, క్యాన్సర్‌వీ రోగనిరోధక కణాలవీ కలిపి, రంగు పట్టాయో లెక్కపెట్టి సీపీఎస్ స్కోరు ఇస్తాం. కీనోట్-590 అని 749 మంది మీద చేసిన ట్రయల్‌లో స్కోరు 10, అంతకంటే ఎక్కువున్న వాళ్ళకి ఇమ్యునోథెరపీ, అంటే రోగనిరోధక కణాలని క్యాన్సర్ మీదికి వదిలే మందుల, లాభం స్పష్టంగా కనిపించింది. కడుపూ అన్నవాహికా కలిసే చోట వచ్చే ఎడినో రకానికి హెర్2 అనే ప్రొటీన్ చూస్తాం, ఈ మధ్య క్లాడిన్ 18.2 అనేది కూడా. ఇవన్నీ ఎక్స్‌ప్రెషన్ మార్కర్లే, ఆర్‌ఎన్‌ఏ కాకుండా ప్రొటీన్ చూస్తాం, అంతే తేడా. కానీ గమనించండి, ఇవేవీ పాకుతుందా లేదా చెప్పడానికి కాదు, ఏ మందు పనిచేస్తుందో చెప్పడానికి. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలు. సెమినార్లలో పెద్దవాళ్ళే కలిపేస్తుంటారు.

మరి నా మొదటి ప్రశ్న, చిన్న క్యాన్సర్, చెక్కి తీసేశారు, పాకిందా లేదా? దానికి ఇవాళ్టికి నేను వాడే మార్కర్ ఒకటుంది, అది క్యాన్సర్ కణానిది కానే కాదు. పోడోప్లానిన్ అనే ప్రొటీన్ లింఫ్ నాళాల లోపలి పొర కణాల్లో ఉంటుంది, రక్తనాళాల్లో ఉండదు. డీ2-40 అనే యాంటీబాడీతో రంగు వేస్తే మామూలు స్లైడ్‌లో కంటికి ఆనని సన్నటి లింఫ్ నాళాలు గోధుమ రంగు గీతల్లా లేచి కనిపిస్తాయి. ఆ గీతల మధ్య క్యాన్సర్ కణాల గుంపు కనిపించిందా, అయితే పోయే దారి పట్టింది అన్నట్టే. కొన్నిసార్లు స్క్వామస్ క్యాన్సర్ కణాలు కూడా ఆ రంగు పట్టి మోసం చేస్తాయి, చూసేవాడికి అనుభవం ఉండాలి. జపాన్‌లో జేసీఓజీ 0508 అనే అధ్యయనంలో సబ్‌మ్యూకోసా దాకా పోయిందని అనుమానం ఉన్న 176 మందికి ముందు ఎండోస్కోపీతో చెక్కి తీసేసి, లోతు ఎంత, నాళాల్లోకి చొరబడిందా, అంచులో మిగిలిందా అని మాత్రమే చూసి, అవసరమైన వాళ్ళకే కీమో రేడియేషన్ ఇచ్చారు. మూడేళ్ళకి నూటికి తొంభై మందికి పైగా బతికి ఉన్నారు, చాలావరకు అన్నవాహిక ఉండగానే. ఒక్క మైక్రోఅరే కూడా వాడలేదు. నేను పాథాలజీ వాణ్ణి కాబట్టి నాకు కాస్త గర్వంగా ఉంటుంది, ఏం చేస్తాం. [నవ్వులు] కొత్తగా ఏ జన్యు పట్టీ వచ్చినా ఈ మూడు చూపుల కంటే మెరుగ్గా చెప్పాలి, పోటీ దాంతోనే.

ఒకావిడ: మా నాన్నగారికి ముద్ద దిగేటప్పుడు ఛాతీలో ఆగినట్టు ఉంటుందంటున్నారు. రక్తంలో ఇలాంటి జన్యు పరీక్ష ఏదైనా చేయించొచ్చాండీ?

రక్తపరీక్ష జోలికి వెళ్ళకండమ్మా. ఎండోస్కోపీ చేయించండి, ఈ వారంలోనే. చాలాసార్లు అది క్యాన్సర్ కాదు, వేరే కారణాలుంటాయి, కానీ ముద్ద ఆగడం అనేది ఎండోస్కోపీ చేయించాల్సిన లక్షణం. అది పది పదిహేను నిమిషాల పని. ఆన్‌లైన్‌లో వేలకు వేలు తీసుకుని అమ్మే క్యాన్సర్ జన్యు ప్యాకేజీలు ఈ ప్రశ్నకి జవాబు చెప్పవు.

ఇంకో విద్యార్థి: సార్, నేను పీజీ ప్రాజెక్టుకి టీసీజీఏ డేటా డౌన్‌లోడ్ చేసి లింఫ్ నోడ్ మార్కర్లు వెతుకుదామనుకుంటున్నాను.

వెతుకు, డేటా ఉచితంగా ఉంది, ల్యాప్‌టాప్ చాలు. కానీ ఒక గుంట ఉంది, ఏటా ఎంతోమంది అందులోనే పడుతున్నారు. ఆ అన్నవాహిక ఫోల్డర్‌లో 185 మంది ఉంటారు, స్క్వామస్, ఎడినో కలిసిపోయి. విడదీయకుండా నడిపితే నీకు గొప్ప మార్కర్లు వస్తాయి, కెరటిన్ 5, పీ63, గాటా4 అని, చూసి ఎగిరి గంతేస్తావు. అవి పాకడం గురించి చెప్పేవి కాదు, ఇది స్క్వామస్, ఇది ఎడినో అని చెప్పేవి, అంతే. ముందు రెండూ విడదీయి. విడదీశాక పాకినవాళ్ళు ఎంతమంది మిగిలారో లెక్కపెట్టు, ఆ సంఖ్య చూసి నీకే కొంత తెలుస్తుంది. తర్వాత వచ్చిన పట్టీని జీఈఓ అనే ఉచిత జన్యు డేటా భాండాగారంలో ఉన్న చైనా స్క్వామస్ డేటా మీద పెట్టి చూడు, అక్కడ నిలబడకపోతే నిలబడలేదనే థీసిస్‌లో రాయి. మీ గైడ్ ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చేయమను.